గులాబీ పళ్ళపొడి

మా మనవరాలు ఏ వస్తువు కొన్నా ముందు దాని అట్టపెట్టెను వెనక్కి తిప్పి, చీమ తలకాయలంత అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. "అవ్వా, దీంట్లో కెమికల్స్ ఉన్నాయి" అని దూరంగా జరుపుతుంది. కెమికల్ అన్న మాట ఎప్పుడు తిట్టయిందో నాకు తెలియదు. నేను మార్కాపురానికి కాపురానికి వచ్చిన రోజుల్లో అది మెచ్చుకోలు. గబగబా పనిచేసే మందు కెమికల్. మాసిన పంచె తెల్లబడితే ఆ సబ్బు కెమికల్. మా ఆయనైతే తాను తయారు చేసిన పళ్ళపొడి పొట్లం మీద "ఇందు కెమికల్ కలదు" అని పెద్దక్షరాలతో అచ్చు వేయించారు. ఉన్నమాటే వేయించారు. సరుకు గురించి ఆయన నోటి వెంట వచ్చిన నిజాల్లో అదొకటి. రెండోది నాకు గుర్తు రావడం లేదు.

అవి రెండో ప్రపంచయుద్ధం రోజులు. అప్పట్లో మాది కర్నూలు జిల్లా, పైన మద్రాసు సర్కారు. మా అత్తవారికి బజారులో కిరాణా దుకాణం ఉండేది. మామగారు గల్లాపెట్టె దగ్గర కూర్చునేవారు. తూకాలూ బేరాలూ మా ఆయనవి. ఇంట్లో అత్తగారు, నేను, మా ఆయన అక్క. వదిన పెళ్ళయిన కొత్తలోనే భర్తను పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. తెల్లచీర, రాత్రిపూట పలహారం, వంటిల్లు, పెరడు. ఇంతే ఆమె లోకం. ఇంట్లో అందరికంటే ఎక్కువ పని ఆమెదే, అందరికంటే తక్కువ అన్నమూ ఆమెదే. మా ఆయనను చంకన వేసుకుని పెంచింది కూడా ఆమే.

అప్పటిదాకా మా ఊళ్ళో పళ్ళు తోముకోవడం ఒక వ్యాపారమని ఎవరికీ తోచలేదు. వేపపుల్ల ఉంది, బొగ్గు ఉంది, ఉప్పు ఉంది. తాలూకా కచ్చేరీ గుమాస్తాలూ పంతుళ్ళూ మాత్రం మద్రాసు నుంచి వచ్చే డబ్బాపొడి వాడేవారు. యుద్ధం మొదలయ్యాక ఆ డబ్బాలు రావడం ఆగిపోయింది. పాపం, సర్కారు ఉద్యోగస్తులు మళ్ళీ వేపపుల్ల నోట్లో పెట్టుకుని వాకిట్లో నిలబడవలసి వచ్చింది. వాళ్ళ అవస్థ చూసి మా ఆయన గుండె కరిగింది. ఆయన గుండె ఎప్పుడు కరిగినా దుకాణం వైపే పారేది.

ఊరి బయట పలకల కార్ఖానాలు ఉండేవి. గని నుంచి తెచ్చిన రాయిని చీల్చి, కోసి, నున్నగా రుద్దితే బడిపిల్లలు రాసుకునే పలక అవుతుంది. రుద్దినప్పుడు రాలిన పొడి కుప్పలు కుప్పలుగా పడి ఉండేది. ఎత్తుకుపోతామంటే కార్ఖానావాళ్ళు దండం పెట్టేవాళ్ళు. ఒకరోజు మా ఆయన ఆ పొడి బండి మీద మూటలుగా తెచ్చి పెరట్లో దించారు.

"ఏందిరా ఇది?" అంది అత్తగారు.

"పళ్ళపొడి."

"రాయి గదరా అది!"

"పన్నుగూడ రాయి లాంటిదే గదమ్మా. రాయిని రాయే నున్నగ చేస్తాది. పలక ఎట్ల మెరుస్తాదో చూడలేదా?"

అత్తగారు తన కొడుకును ఒకసారి, మూటలను ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. నేనూ వదినా పాత పంచెగుడ్డలో ఆ పొడిని జల్లించాం. మొహాలకు విభూతి పూసుకున్న జంగందేవరల్లా తయారయ్యాం. తుమ్మితే బూడిద, దగ్గితే బూడిద. అందులో సుద్దపొడి, ఉప్పు, పటిక, కర్పూరం, లవంగనూనె కలిపారు. వాసన బాగానే ఉంది గానీ రంగు మాత్రం పొయ్యిలో తీసిన బూడిదే.

మామగారు చిటికెడు వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇంట్లో బూడిద ఊరికే దొరుకుతా ఉంటే ఇది ఎవడు కొంటాడ్రా?" అన్నారు.

మామగారి ఉద్దేశం ఆ పని మానుకోమని. మా ఆయనకు మాత్రం రంగు వేయమన్నట్టు వినిపించింది.

దుకాణంలో యుద్ధానికి ముందు తెప్పించిన అద్దకం రంగు డబ్బా ఒకటి మిగిలి ఉంది. చీరలకు వేసేది, తిరునాళ్ళలో అమ్మే మట్టిబొమ్మలకు పూసేది. పొడిగా ఉన్నప్పుడు అది జీరంగి పురుగు రెక్కల్లాగా పచ్చగా తళతళలాడేది. తడి తగిలిందంటే గులాబీ రంగు పొంగుకొచ్చేది. మా ఆయన దాన్ని నూరి రాతిపొడిలో కలిపారు. కలిపినదంతా లేత గులాబీ రంగుకు తిరిగి, పసిబిడ్డ చెంపలాగా కనిపించింది. ఆయన మురిసిపోయారు. తడిపి చూడాలన్న ఆలోచన రాలేదు. మా వైపు తడి కంటికి కనబడేదే అరుదు కాబట్టి ఆ తప్పు ఆయనది కాదనుకుందాం. కానీ మనిషి నోరు తర్లుపాడు మెట్టచేను కాదు కదా, ఎండాకాలంలో కూడా తడిగానే ఉంటుంది.

పొడికి దంతరంజని అని పేరు పెట్టారు. నంద్యాల నుంచి పొట్లాలకు కాగితాలు అచ్చు వేయించుకొచ్చారు. రంజని అంటే సంతోషపెట్టేది అని ఆయన ఉద్దేశం. రంగు వేసేది అన్న అర్థం కూడా ఉందని బడిపంతులు ఒకాయన తర్వాత చెప్పారు. చదువుకున్నవాళ్ళు ఎప్పుడూ అంతే, సరుకు అచ్చయిపోయాక అర్థాలు చెబుతారు.

ఇక ఎవరో ఒకరు వాడి చూడాలి. అత్తగారిని అడిగితే, "నాకు ఉండేవే నాలుగు పళ్ళు. నేను పొయ్యేదాకా అవి నాతో ఉండాల" అంది. నేను నీళ్ళోసుకుని ఉన్నాను కాబట్టి నన్ను మినహాయించారు. "మీరే తోముకుని చూడచ్చు గదా?" అని నేనన్నాను. "చేసినోడే వాడితే జనం నమ్మరు. వైద్యుడు తన మందు తానే తాగుతాడా?" అన్నారు. ఆయన చివరిదాకా ఆ పొడిని పంటికి తగలనివ్వలేదు. పొద్దున్నే పెరట్లో వేపపుల్ల విరుచుకునేవారు.

మిగిలింది వదిన.

"నా పళ్ళు మెరిస్తే ఎవురికిరా చూపించేది?" అంది.

"నాకోసరం అక్కా. నువ్వు గాకపోతే నాకెవురు చేస్తారు?"

ఆ మాటకు ఆమె కరగకుండా ఉండటం ఎప్పుడూ చూడలేదు. సరే అంది.

మర్నాడు పొద్దున వదిన నోరు పుక్కిలిస్తే పెరట్లో గులాబీ నీళ్ళు కాలువ కట్టాయి. నాలుక, చిగుళ్ళు, పెదాలు, అన్నీ ఎర్రగా పండాయి. నోటినిండా తాంబూలం వేసుకున్న పెళ్ళిపెద్దకు కూడా నోరు అంత అందంగా పండదు. బూడిదతో తోమింది, నిమ్మచెక్కతో రుద్దింది, గుడ్డతో తుడిచింది. రంగు ఎక్కడిది అక్కడే ఉంది.

మా ఆయన పరిగెత్తుకొచ్చి చూసి, "బ్రమ్మాండం! రంగు పట్టిందంటే మందు గూడ పట్టినట్టే. రోజూ వాడు, సర్దుకుంటాది" అన్నారు. వదిన మాట ఇచ్చింది కాబట్టి రోజూ వాడింది.

బజారులో పొట్లాలు బాగానే అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళందరి నోళ్ళూ ఎర్రబడ్డాయి. అయినా ఒక్కరూ అడగలేదు. ఊళ్ళో మగవాళ్ళందరూ ఆకువక్క నమిలేవాళ్ళే, ముత్తైదువలూ నమిలేవాళ్ళే. ఉన్న ఎరుపులో ఇంకొంత ఎరుపు కలిస్తే ఎవరికి తెలుస్తుంది? రాతిపొడికి చిగుళ్ళు ఒరుసుకుపోయి నెత్తురు వచ్చినా ఆ రంగులో కనబడదు. దంతరంజని గొప్పదనం అదే. భర్త పోయినవాళ్ళు ఆకు ముట్టకూడదు కాబట్టి, ఆ పొడి వాడినవాళ్ళలో ఎర్రబడకూడని నోరు మా వదినదొక్కటే.

మొదట బావి దగ్గర మొదలైంది. పక్కింటావిడ బొక్కెన తోడుతూ, "మీ వదినకు నోరు బాగ పండినాదే! ఆకు ఎవురు తెచ్చిస్తాండారో!" అంది. నేను పళ్ళపొడి అని చెప్పాను. "అట్లనా!" అని నవ్వింది. నేను ఇల్లు చేరేలోపే ఆ నవ్వు ఇల్లిల్లూ తిరిగింది. నోరు బాగా పండితే మొగుడికి ప్రేమ ఎక్కువ అంటారు మా వైపు. మొగుడు లేనిదానికి నోరు పండితే ఆ ప్రేమ ఎవరిదన్న లెక్క జనం ఎవరికి వాళ్ళే వేసుకున్నారు. ఆకులు అమ్మేవాడి దగ్గర మొదలుపెట్టి, మా దుకాణానికి వచ్చే ప్రతి మగవాడి పేరూ ఆ లెక్కలోకి వచ్చింది.

ఒక సాయంత్రం కులపెద్దలు మా ఇంటికొచ్చారు. వాళ్ళలో ముఖ్యుడు గిద్దలూరు నుంచి వచ్చిన పెద్దాయన. మామగారికి అన్నవరస, మా ఆయనకు పెదనాయన. ఆయన నిష్ఠ చుట్టుపక్కల అందరికీ తెలుసు, ఎందుకంటే ఆయనే చెప్పుకునేవారు. చుట్ట ముట్టరు, నశ్యం ముట్టరు, భార్య పోయినప్పటి నుంచి తాంబూలం ముట్టరు. శివరాత్రికి నల్లమల దాటి శ్రీశైలం నడిచి వెళతారు. దుకాణం వెనక గదిలో చాప వేసి కూర్చోబెట్టాం. వదినను పిలిపించి గుమ్మం పక్కన నిలబెట్టారు.

"నోరు తెరువమ్మా" అన్నారు పెద్దాయన.

వదిన తెరిచింది. అందరూ దీపం దగ్గరకు జరిపి మరీ చూశారు. సంతలో ఎద్దు పళ్ళు చూసేటప్పుడు కూడా మా మామగారు అంత దగ్గరగా వంగేవారు కాదు.

"ఆకు కాదు పెదనాయనా. తమ్ముడు చేసిన పళ్ళపొడి" అంది వదిన.

పెద్దాయన మా ఆయన వైపు తిరిగారు. "ఏమిరా, నీ పొడితో నోటికి రంగు పడతాదా?"

అందరమూ మా ఆయన వైపే చూశాం. మా ఆయన గోడకు ఆనించి పేర్చిన పొట్లాల వైపు చూశారు. పడుతుందని ఒప్పుకుంటే తెల్లారేసరికి బజారంతా తెలుస్తుంది. పొట్లాలు అన్నీ అక్కడే మిగిలిపోతాయి.

"పడదు పెదనాయనా. సొచ్చమైన సరుకు" అన్నారు.

వదిన తమ్ముడి వైపు చూసి, నోరు మూసుకుని, గోడకు ఆనుకుంది. నేను ఏదో అనబోయాను. అత్తగారు నా చెయ్యి పట్టుకుని నొక్కింది. మామగారు తల వంచుకుని చాప పుల్లలు పీకుతూ కూర్చున్నారు.

పెద్దలు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. ఉపవాసాలు ఎన్ని ఉండాలి, వంటింట్లోకి రానివ్వచ్చా, శ్రీశైలం పంపి పాతాళగంగలో ముంచాలా. పొద్దున వచ్చి తేల్చి చెబుతామని లేచారు. తన సరుకు పేరు పెద్దల నోట్లో పడింది కదా, మా ఆయనకు వ్యాపారం గుర్తొచ్చింది. గుమ్మం దాకా వెళ్ళి ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పొట్లం పెట్టారు.

"వాడి చూడండి. కదిలే పళ్ళు గట్టిపడతాయి. డబ్బులు వద్దు" అన్నారు.

ఊరికే వచ్చేదాన్ని కాదనేంత నిష్ఠ మాత్రం వాళ్ళలో ఎవరికీ లేదు.

పొద్దున పెద్దలు రావడం ఆలస్యమైంది. మామగారు మనిషిని పంపిస్తే, ముందు ఇద్దరు వచ్చారు, తర్వాత గిద్దలూరు పెద్దాయన. కండువా మూతికి అడ్డం పెట్టుకుని, పంటినొప్పి వచ్చినవాడిలా నడుస్తున్నారు. కూర్చున్నారు. ఎవరూ నోరు తెరవలేదు. తీర్పు చెప్పాలంటే నోరు తెరవాలి కదా. అత్తగారు కుశలప్రశ్న వేస్తే తల ఊపారు. చివరికి దగ్గొచ్చి కండువా జారింది. పెద్దాయన మూతి కోడిపుంజు తురాయిలాగా ఎర్రగా ఉంది. గడ్డం మీద కూడా కారి, తెల్లవెంట్రుకలు గులాబీ రంగుకు తిరిగాయి.

వదిన చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది. వంగి, మెల్లగా అడిగింది.

"పెదనాయనా, నీకు ఆకు ఎవురు తెచ్చిచ్చినారు?"

అత్తగారు గబుక్కున వంటింట్లోకి వెళ్ళింది. లోపల నుంచి ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్విన చప్పుడు వినిపించింది. నేను మాత్రం అక్కడే నిలబడి కళ్ళారా చూశాను.

పెద్దలు నీళ్ళు తాగి లేచారు. కొన్ని సంగతులు లోతుగా ఆలోచించవలసినవి అన్నారు. గిద్దలూరు పెద్దాయనకు హఠాత్తుగా రైలు గుర్తొచ్చింది. వదినకు తప్పయిందని ఎవరూ అనలేదు. పొరపాటు ఆడదానిదైతే పంచాయతీ, పెద్దలదైతే రైలు వేళ. ఆ తర్వాత బావి దగ్గర ఆకు మాట మళ్ళీ వినబడలేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. వదిన పొడి మానేసినా నోటి పూత తగ్గలేదు. చిగుళ్ళు వాచి, బుగ్గల లోపల పుండ్లు లేచాయి. కారం, పులుపు తగిలితే కళ్ళవెంట నీళ్ళు. మజ్జిగన్నం కూడా చల్లార్చి గుటకలుగా మింగేది. కింది పళ్ళు నీళ్ళు తగిలితే జివ్వుమనేవి. మా ఆయన ఆలోచించి, "మధ్యలో మానేసినందుకే ఇట్లయింది" అన్నారు. అత్తగారు అప్పుడు అందుకున్న చీపురుకట్టను ఎందుకు కింద పెట్టిందో ఇప్పటికీ నాకు విచారమే.

చివరికి నేను మొండికేశాను. బండి కట్టించి పాదిరీలు నడిపే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ వదిన నోరు వెలుతురు వైపు తిప్పి చూసింది. "దేనితో తోముకుంటున్నారు?" అని అడిగింది.

"ఏదో బజారు సరుకమ్మా. ఎవురో తయారు చేస్తారు" అన్నారు మా ఆయన.

"ఆ ఎవురో ఈయనే" అంది వదిన. నొప్పితో మాట ముద్దగా వచ్చింది గానీ స్పష్టంగానే అర్థమైంది.

నేను తెచ్చిన పొట్లం విప్పి ఇచ్చాను. డాక్టరమ్మ తడిదూది మీద చిటికెడు వేసింది. దూది నెత్తురు ముద్దలా అయింది.

"ఇది చీరలకు వేసే రంగు కదా?"

"అవునమ్మా."

"ఉతికితే పోతుందా?"

మా ఆయనలోని వ్యాపారి ఒక్కసారిగా నిటారుగా నిలబడ్డాడు. "పోదమ్మా! గ్యారంటీ! బట్ట చినిగినా రంగు పోదు."

"మరి ఆమె నోట్లో నుంచి ఎట్లా పోతుందనుకున్నారు?"

డాక్టరమ్మ కోప్పడలేదు. రంగు లోపలి చర్మాన్ని కాల్చిందనీ, రాతిపొడి పంటి పైపొరను అరగదీసిందనీ చెప్పింది. పుండ్లు మానతాయి గానీ, అరిగిన పన్ను మళ్ళీ పెరగదంది. ఉప్పునీళ్ళతో పుక్కిలించమని, మందునీళ్ళు సీసాలో పోసిచ్చింది. తిరిగివచ్చేటప్పుడు మా ఆయన బండివాడి పక్కన ముందు కూర్చుని, మాకు వీపు చూపించారు.

దంతరంజని అమ్మకం ఆగిపోయింది. మా ఆయనకు జ్ఞానోదయం అయి కాదు. కచ్చేరీ గుమాస్తా ఒకడి తెల్లచొక్కా పాడై, అతను మా దుకాణం ముందు నిలబడి గొడవ చేశాడు. మిగిలిన పొడి ఏం చేశారంటే, పొట్లాల మీద కొత్త కాగితం అంటించి ఇత్తడి గిన్నెలు తోమే పొడి అని అమ్మారు. అది దంతరంజని కంటే బాగా పోయింది. గిన్నెలు అద్దాల్లా మెరిసేవట. దొనకొండ నుంచి కూడా వచ్చి కొనుక్కుపోయారు. ఆ గిన్నెల్లో ఊరంతా పప్పులు వండుకుంది, పులుసులు కాచుకుంది. పళ్ళ మీద పనికిరానిది పులుసులోకి పనికొస్తుందా అని ఒక్కరూ అడగలేదు. అత్తగారు మాత్రం దాన్ని మా ఇంటి గడప దాటనివ్వలేదు. మా గిన్నెలకు చింతపండూ మట్టే.

వదిన నోరు మానడానికి ఆ ఎండాకాలమంతా పట్టింది. ముందటి పళ్ళు రెండు ఊడిపోయాయి. ఒక మధ్యాహ్నం ధాన్యం గదిలో నన్ను పక్కకు పిలిచింది.

"పిల్లా, ఒక తమలపాకు తెచ్చిపెడతావా?"

నేను బిత్తరపోయాను.

"తినకుండానే పేరొచ్చినాది గదా. ఆ రుచేందో చూస్తా" అంది.

తలుపు గడియ వేసి, ఆకుకు సున్నం రాసి, వక్క చిన్నగా కత్తిరించి ఇచ్చాను. రెండుసార్లు నమిలి, మొహం వికారంగా పెట్టి, మూలనున్న తట్టలో ఉమ్మేసింది.

"థూ! దీనికోసరమా నన్ను అట్ల నిలబెట్టినారు?"

ఇద్దరమూ నవ్వడం మొదలుపెడితే ఆగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఆమె ఏడ్చింది. నేను పక్కనే కూర్చున్నాను.

తమ్ముడితో ఆమె చాలా రోజులు మాట్లాడలేదు. ఆయన క్షమాపణ అడిగే రకం కాదు. దుకాణం నుంచి మెత్తటివి తెచ్చి వంటింటి గుమ్మంలో పెట్టి పోయేవారు, అటుకులు, బెల్లం, పండిన అరటిపళ్ళు. ఆమె అటు చూసేది కాదు. ఒకరోజు మాత్రం, పొట్లం పెట్టి వెనక్కి తిరుగుతుంటే, "ఒరే" అని పిలిచింది.

ఆయన గిరుక్కున తిరిగారు. మొహం వెలిగిపోయింది.

"దీంట్లో ఏం కలిపినావు?"

"ఏం కలపలేదక్కా. నీ తోడు."

"నా తోడు వద్దులే. ముందు నువ్వు తిను."

ఆయన అక్కడే గడప మీద కూర్చుని, బెల్లంముక్క కొరికి నమిలారు. మింగేదాకా ఆమె కళ్ళార్పకుండా చూసింది. తర్వాత చెయ్యి చాచింది. ఆనాటి నుంచి అదే పద్ధతి అయింది. దుకాణం నుంచి ఏది వచ్చినా, మా ఆయనకు జుట్టు నెరిసి పిల్లల పెళ్ళిళ్ళు అయ్యాక కూడా, ముందు ఆ గడప మీద కూర్చుని ఒక ముక్క తిని చూపించవలసిందే. ఆయన విసుక్కుంటూనే తినేవారు. ఆమె మాత్రం ఒక్కరోజు కూడా, పోనీలే అనలేదు.